పెరటి ప్రశ్నలు: జెయింట్ పొద్దుతిరుగుడును నారు పోసి నాటవచ్చా?

ఈ నెల జెయింట్ పొద్దుతిరుగుడు గురించి అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల నుంచి వరుసగా ఉత్తరాలు వచ్చాయి. కనకాంబరాలకు, కరివేపాకుకు సంబంధించిన ప్రశ్నలను వచ్చే సంచికకు నిలిపి, ఈసారి పేజీ మొత్తం దీనికే కేటాయిస్తున్నాను. మన చేలల్లో నూనె కోసం వేసే హైబ్రిడ్ పొద్దుతిరుగుడు సాధారణంగా మనిషెత్తుకు అటూఇటుగా ఆగిపోతుంది. పాఠకులు అడుగుతున్నవి మాత్రం ఒకే కాండంతో, ఒకే పెద్ద పువ్వుతో మిద్దెను అందుకుంటాయని పేరుపడిన ‘మామత్ రష్యన్’, ‘అమెరికన్ జెయింట్’ వంటి తోట రకాలు.

ప్రశ్న: అయ్యా, అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి వస్తూ వస్తూ మామత్ రష్యన్ విత్తనాల ప్యాకెట్ ఒకటి తెచ్చాడు. మిరప నారు పోసినట్టే మే నెలాఖరులో ప్లాస్టిక్ ట్రేలో విత్తి, అయిదు వారాలు పెంచి, అడుగెత్తు వచ్చాక పద్దెనిమిది మొక్కలను పెరట్లో నాటాను. వాటిలో పదకొండు బతికాయి. నీళ్ళకు, ఎరువుకు ఏ లోటూ చేయలేదు. అయినా అన్నీ మూడడుగుల దగ్గరే ఆగి, అరచేయంత పువ్వు పూసి ఎండిపోయాయి. ప్యాకెట్ మీద పన్నెండు అడుగులని రాసి ఉంది. విత్తనం మోసమా, నా తప్పా? – ఒక గృహిణి, అనంతపురం

జవాబు: అమ్మా, విత్తనాన్ని అనుమానించనక్కరలేదు. మీ పోషణలోనూ లోపం కనిపించడం లేదు. జరిగిన నష్టమంతా ట్రేలో గడిచిన ఆ ముప్ఫై అయిదు రోజుల్లోనే జరిగింది.

మిరప, వంగ, టమాటా నారు పీకినప్పుడు తల్లివేరు తెగినా మొక్క దాన్ని పెద్దగా పట్టించుకోదు. పక్కల నుంచి కొత్త వేళ్ళు వేసుకొని వారం తిరిగేసరికి కోలుకుంటుంది. మన ఇళ్ళలో నారు పోయడమంటే అందరికీ ఆ మొక్కలే గుర్తుకు వస్తాయి కాబట్టి, అదే పద్ధతిని పొద్దుతిరుగుడుకూ వర్తింపజేస్తాము. పొద్దుతిరుగుడు తీరు దోసకు, పత్తికి దగ్గరగా ఉంటుంది. పైన రెండు విత్తనాకులు పూర్తిగా విప్పుకోక ముందే కింద తల్లివేరు బెత్తెడు దిగి ఉంటుంది. నేల లోతుగా, గుల్లగా ఉంటే అది ఆరడుగుల కిందికి కూడా పోగలదు. అటువంటి వేరును రెండంగుళాల లోతున్న గడిలో అయిదు వారాలు ఉంచితే, అది అడుగు తాకి, వంగి, చుట్లు చుట్టుకొని, చివరకు ఆ చుట్లలోనే ముదిరిపోతుంది. అలా ముదిరిన వేరు తరువాత ఎంత మంచి నేలలో నాటినా నిటారుగా దిగడం నేర్చుకోదు.

ఎండిపోయిన మీ మొక్కలు ఇంకా పెరట్లోనే ఉంటే ఒకదాని మొదట్లో నీళ్ళు పోసి, చుట్టూ గడ్డపారతో వదులు చేసి, మెల్లగా పైకి తీసి చూడండి. నేను ఒక స్నేహితుడి పెరట్లో ఇలాగే తీసి చూశాను. నేలకు నాలుగంగుళాల కింద వేరు కడవ కింద పెట్టే చుట్టకుదురులా మూడు చుట్లు తిరిగి, పెన్సిలంత లావై గట్టిపడి ఉంది. మూడు నెలలు నేలలో పెరిగిన తరువాత కూడా ట్రే గడి తాలూకు నలుచదరం ఆ వేళ్ళలో అచ్చు గుద్దినట్టు కనిపించింది. చుట్టూ మంచి మట్టి ఉన్నా అందులోకి పోయినవి నాలుగైదు సన్నని పిల్లవేళ్ళు మాత్రమే.

దీనికి తోడు కాలం లెక్క ఒకటి ఉంది. ఈ మొక్క పెరిగే కొన మొదట ఆకులను, ఆ తరువాత పూమొగ్గను తయారు చేస్తుంది. మొగ్గ మన కంటికి కనబడడానికి చాలా ముందే, అంటే మొక్కకు ఎనిమిది పది ఆకులు ఉన్నప్పుడే, లోపల దానికి పునాది పడిపోతుంది. మన వేడిలో అది మొలిచిన నెల రోజుల ప్రాంతంలో జరుగుతుంది. మీరు ట్రేలోంచి తీసి నాటే నాటికి మీ మొక్కలు ఆకుల లెక్క ముగించుకొని పువ్వు పనిలో పడ్డాయన్నమాట. ఇరుకులో ఆకలితో ఉన్నప్పుడు పడిన పునాది చిన్నదిగానే పడుతుంది. ఆ తరువాత మీరు వేసిన ఎరువు ఆకుల రంగు మార్చి ఉండవచ్చు గాని పువ్వు కొలత మార్చలేదు.

ఇక పన్నెండు అడుగుల సంగతి. ఆ కొలత వేసవిలో పగలు పదిహేను పదహారు గంటలుండే ఉత్తరాది చల్లని దేశాలలో వచ్చేది. 2014లో గిన్నిస్ రికార్డుకెక్కిన 9.17 మీటర్ల మొక్క జర్మనీలో పెరిగింది. అనంతపురంలో జూన్ నెలలో కూడా పగలు పదమూడు గంటలకు అటూఇటుగానే ఉంటుంది. పైగా మన వేడి మొక్కను తొందరపెట్టి త్వరగా పూతకు తెస్తుంది. అందువల్ల ఇక్కడ ఎనిమిది తొమ్మిది అడుగులు వస్తే మొక్క తన శక్తిమేరకు పెరిగినట్టే భావించాలి.

మళ్ళీ వేసేటప్పుడు నేరుగా నేలలోనే విత్తండి. విత్తడానికి రెండు వారాల ముందు అడుగున్నర వెడల్పు, రెండడుగుల లోతు గుంత తీయండి. మీ వైపు ఎర్రనేలల్లో అడుగు దాటగానే మొరం తగులుతుంది. అదే అసలు ఆటంకం కాబట్టి గడ్డపారతో దాన్ని పొడిచి తీయక తప్పదు. తీసిన మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు రెండు తట్టలు, వేప పిండి రెండు గుప్పిళ్ళు కలిపి గుంత నింపి, నీళ్ళు పెట్టి కుంగనివ్వండి. పచ్చి పేడ వేయవద్దు. ఆ తరువాత గుంతకు మూడు గింజలు అంగుళం లోతులో పెట్టండి. వారంలోపే మొలుస్తాయి. నాలుగు ఆకులు వచ్చాక పుష్టిగా ఉన్న ఒక్కదాన్ని ఉంచి మిగిలిన రెండింటిని పీకకుండా కత్తెరతో మొదలంటా కత్తిరించండి. పీకితే ఉంచుకున్న మొక్క వేరు కూడా కదులుతుంది. గుంతకూ గుంతకూ మధ్య రెండడుగులకు తగ్గకూడదు.

ఒక మాట విడిగా చెప్పాలి. విదేశాల నుంచి విత్తనాలు తేవడానికి 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి పత్రం, ఆ దేశం ఇచ్చే విత్తన ఆరోగ్య ధ్రువపత్రం అవసరం. ఒక చిన్న ప్యాకెట్టే కదా అని అందరమూ అనుకుంటాము గాని తెగుళ్ళు ఖండాలు దాటేది అటువంటి ప్యాకెట్లలోనే. ఈ రకాల విత్తనాలు ఇప్పుడు మన దేశంలోనే దొరుకుతున్నాయి.

ప్రశ్న: నేరుగా విత్తితే మొలకలను ఉడుతలు, గువ్వలు ఒక్కటి మిగలకుండా తుంచిపోతున్నాయి. మూడుసార్లు విత్తి మూడుసార్లూ పోగొట్టుకున్నాను. నారు పెంచి నాటడం తప్ప నాకు వేరే దారి లేదు. మొక్క దెబ్బ తినకుండా ఎలా నాటాలి? – విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప

జవాబు: మీ ఇబ్బంది నిజమైనదే. పొద్దుతిరుగుడు మొలిచేటప్పుడు గింజ తొక్కును తలమీద టోపీలా మోసుకొని పైకి వస్తుంది. ఉడుతకు ఆ తొక్కే ఆనవాలు. మొలకల మీద పది రోజుల పాటు వలగంప బోర్లించి రాయి పెట్టి చూడండి. అది కుదరదంటే నారు పోయవచ్చు. అయితే నారు అనే మాటను మరచిపోయి, చిన్న పిల్లను నిద్ర లేపకుండా ఒక మంచం మీద నుంచి మరో మంచం మీదికి మార్చినట్టు మార్చాలి. వేరుకు తాను కదిలినట్టే తెలియకూడదు.

దానికి పాత దినపత్రికను మించిన కుండీ లేదు. పొడవాటి స్టీలు గ్లాసు చుట్టూ రెండు మడతల పత్రికను చుట్టి, అడుగున మడిచి, గ్లాసు లాగేస్తే జానెడు పొడవున్న గొట్టం వస్తుంది. జల్లించిన ఎర్రమట్టి రెండు వంతులు, ఇసుక ఒక వంతు, మాగిన పశువుల ఎరువు ఒక వంతు కలిపి దాన్ని నింపండి. గొట్టాలను ఒక తట్టలో ఒకదానికొకటి ఆనించి నిలబెడితే పడిపోవు. గొట్టానికి ఒక్కటే గింజ పెట్టండి. కొబ్బరి చిప్పల్లో పెంచమని ఈ మధ్య చాలామంది సలహా ఇస్తున్నారు. చూడడానికి ముచ్చటగా ఉంటుంది గాని, చిప్పను చీల్చుకొని పోయేంత బలం లేత వేరుకు లేదు, చిప్పను పగలగొట్టబోతే మట్టి గడ్డ విరుగుతుంది. నల్ల పాలిథీన్ సంచి అంతకంటే నయం, ఎందుకంటే దాన్ని బ్లేడుతో నిలువుగా కోసి తీసేయవచ్చు.

మొలక వచ్చిన తొలి రోజు నుంచే తట్టను ఎండలో ఉంచండి. వరండా నీడలో పెంచితే కాండం దారంలా సాగి, బయట నాటిన రోజునే వాలిపోతుంది. విత్తనాకులు కాకుండా అసలు ఆకులు రెండు జతలు కనిపించగానే, అంటే మొలిచిన పన్నెండు నుంచి పదిహేను రోజుల మధ్య, నాటేయాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. మొక్క ఇంకా చిన్నదిగా ఉంది, మరో వారం బలపడనిద్దాము అనుకుంటారు. గొట్టం అడుగున కాగితం తడిలో నుంచి తెల్లని వేరు కొన తొంగి చూసిందంటే గడువు ఆ రోజుతో ముగిసిందని తెలుసుకోండి.

నాటే రోజు మధ్యాహ్నమే గొట్టాలకు నిండా నీళ్ళు పోయండి. పొద్దు వాలిన తరువాత గొట్టం పట్టేంత గుంట తీసి, గుంటలో చెంబెడు నీళ్ళు పోసి ఇంకనిచ్చి, గొట్టాన్ని అడుగున చేయి పెట్టి ఎత్తి దించండి. కాండాన్ని పట్టుకొని ఎత్తవద్దు. ఎప్పుడైనా పట్టుకోవలసి వస్తే ఆకును పట్టుకోండి, ఆకు పోతే మరొకటి వస్తుంది, కాండం నలిగితే రాదు. అడుగు మడత విప్పి, నేలపైకి మిగిలే కాగితం అంచును చింపేయండి. ఆ అంచు బయట ఉంటే ఒత్తిలాగా తడిని పైకి లాగి గాలికి వదిలేస్తుంది, లోపల గడ్డ ఎండిపోతుంది. మట్టిని వేళ్ళతో గట్టిగా అదమకుండా నీళ్ళతోనే సర్దుకోనివ్వండి. మూడు నాలుగు రోజులు పడమటి వైపు వేపమండలు గుచ్చి సాయంత్రపు ఎండ తగలకుండా చూడండి. మరునాటి మధ్యాహ్నం ఆకులు వాలినా సాయంత్రానికి లేచి నిలబడితే భయం లేదు.

ఇంత చేసినా నేరుగా విత్తిన మొక్కతో పోలిస్తే అది కొంత వెనుకబడే ఉండవచ్చు. అందుకని రెండు మూడు గుంతల్లో నేరుగా విత్తి వాటికి గంపలు మూసి, మిగిలినవి గొట్టాల్లో పెంచండి. మీ ఉడుతలు ఏ పక్షం వహిస్తాయో కూడా తెలుస్తుంది.

ప్రశ్న: మా పెరట్లో నేల మొత్తం నాపబండలు పరిచి ఉంది. ఒక బండ తీసి నాటుకోవచ్చా? – తాడిపత్రి

జవాబు: ఒకటి చాలదు, మూడడుగుల నలుచదరం తెరవండి. బండల కింద సున్నమో కాంక్రీటో వేసి ఉంటే అదంతా తీసి కొత్త మట్టి నింపాలి. ఎండాకాలంలో చుట్టూ ఉన్న బండలు పెనంలా కాగి రాత్రి దాకా వేడి వదులుతాయి కాబట్టి, వేసవి పంట మాని చలికాలంలో వేయండి.

ప్రశ్న: జెయింట్ రకాన్ని ఏ నెలలో విత్తాలి? మా అన్న జూన్‌లో వేయమంటాడు, విత్తనాల దుకాణం వారు అక్టోబరు అంటారు. – ఆదోని

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. చేలల్లో కూడా ఈ పంటను ఖరీఫ్‌లో, రబీలో, జనవరి తరువాత వేసవిలో వేస్తారు. పగలు పొడుగ్గా ఉండే జూన్‌లో విత్తితే మొక్క ఎక్కువ ఎత్తు పెరిగే అవకాశం ఉంటుంది. కాని జూన్ నుంచి ఆగస్టు దాకా మన ప్రాంతంలో వీచే నైరుతి గాలి సామాన్యమైనది కాదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు.

ఈ గాలిని తక్కువ అంచనా వేసి నేను నష్టపోయాను. నాలుగేళ్ళ కిందట జూన్‌లో ఆరు మొక్కలు వేస్తే ఆగస్టు మొదటి వారానికి ఎనిమిది అడుగులు దాటాయి. మొగ్గలు పిడికిలంత అయ్యాయి. వాటికి సన్నని వెదురు కర్రలు, అవి కూడా అడుగు లోతే దిగేసి, నడుము దగ్గర ఒక్క కట్టు కట్టి ఊరుకున్నాను. ఒక రాత్రి గాలివాన కొట్టింది. తెల్లవారి చూస్తే కర్రలు నిలబడే ఉన్నాయి. మొక్కలన్నీ సరిగ్గా ఆ కట్టు దగ్గరే విరిగి తలలు నేలకు ఆనించి ఉన్నాయి. బిగుతుగా కట్టిన ఒకే ఒక కట్టు ఆసరా కావలసింది పోయి కత్తి అయింది.

అప్పటి నుంచి నేను విత్తనం పెట్టే రోజే, గింజకు జానెడు దూరంలో, రెండడుగులు నేలలో దిగేలా పది అడుగుల సరుగుడు కర్ర పాతుతున్నాను. తరువాత పాతితే వేళ్ళు తెగుతాయి. పాత నూలు చీరను నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీలుగా చింపి, కర్రకూ కాండానికీ మధ్య 8 అంకెలా మెలి తిప్పి, రెండడుగులకు ఒకటి చొప్పున వదులుగా కడుతున్నాను. మొక్క కొంచెం ఊగాలి. ఊగితేనే కాండం గట్టిపడుతుంది. మోకాలెత్తు వచ్చినప్పుడు మొదట్లో మట్టి ఎగదోయడం, యూరియా వంటి నత్రజని ఎరువును అతిగా వేయకపోవడం కూడా అవసరమే. నత్రజని ఎక్కువైన కాండం చూపులకు లావుగా కనిపిస్తుంది గాని లోపల మెత్తగా ఉంటుంది.

మీ పెరటికి పడమర, దక్షిణం వైపుల ఎత్తైన గోడ ఉంటే జూన్‌లో విత్తండి. గోడ లేకపోతే సెప్టెంబరు నెల సగం దాటాక, అక్టోబరు నెలాఖరులోపల వేయండి. ఎత్తు ఒక అడుగు తగ్గవచ్చు గాని పువ్వు కళ్ళ చూస్తారు. వానాకాలంలో వేధించే ఆకుమచ్చ తెగులు, పువ్వుకుళ్ళు కూడా అప్పుడు తక్కువ. వేసవిలో విత్తడాన్ని నేను సిఫారసు చేయను. మార్చి, ఏప్రిల్ ఎండకు పుప్పొడి మాడి గింజ సరిగా కట్టదు.

ప్రశ్న: మాది పడమటి ముఖం ఇల్లు. వీధిలో పోయేవారు చూస్తారని గేటు పక్కన వరుసగా నాటితే, పువ్వులన్నీ వీధికి వీపు పెట్టి ఇంటి వైపు తిరిగాయి. సాయంత్రమైనా పొద్దు వైపు తిరగడం లేదు. వాస్తు దోషమని ఒకరంటున్నారు. – ప్రొద్దుటూరు

జవాబు: వాస్తుకు దీనితో నిమిత్తం లేదు. పొద్దుతో పాటు తిరిగేది విచ్చుకోని మొగ్గ, లేత కొన మాత్రమే. పగటిపూట కాండం తూర్పు వైపు ఎక్కువ సాగడం వల్ల తల పడమటికి వాలుతుంది, రాత్రి పడమటి వైపు సాగి తల మళ్ళీ తూర్పుకు వస్తుంది. పువ్వు పూర్తిగా విచ్చే నాటికి కాండం సాగడం ఆగిపోయి తల తూర్పు ముఖంగా స్థిరపడుతుంది. పొద్దుతిరుగుడు అనే పేరు పెట్టిన పెద్దలు మొగ్గను చూసి పెట్టి ఉంటారు.

తూర్పుకే ఎందుకు ఆగుతుందన్న దానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు 2016లో సైన్స్ పత్రికలో జవాబు ప్రచురించారు. తూర్పు చూసే పువ్వు ఉదయపు ఎండకు త్వరగా వెచ్చబడుతుంది. వారు కుండీలను తిప్పిపెట్టి చూస్తే, పడమటికి తిప్పిన పువ్వులతో పోలిస్తే తూర్పు చూసే పువ్వుల మీదికి ఉదయం పూట తేనెటీగల వంటివి అయిదు రెట్లు వచ్చాయి. మీ ఇంటికి పడమట ఉన్న మొక్కలు తూర్పు చూడడమంటే మీ ఇంటిని చూడడమే. వీధిలో వారి కోసం పెంచాలంటే వీధికి తూర్పున కాక పడమట ఇల్లున్న వారే అదృష్టవంతులు. మీరు మాత్రం ఉదయం కాఫీ గ్లాసుతో వాకిట్లో కూర్చుంటే అవన్నీ మీకెదురుగా ఉంటాయి.

ప్రశ్న: మిద్దె మీద పెయింట్ డబ్బాలో పెంచవచ్చా? – కర్నూలు

జవాబు: ఇరవై లీటర్ల డబ్బాకు తక్కువైతే వద్దు. అందులో కూడా జెయింట్ రకం అయిదారు అడుగులకు మించడం కష్టం, ఎండ ముదిరితే రోజుకు రెండుసార్లు నీళ్ళు పోయాలి, గాలికి డబ్బాతో సహా పడిపోకుండా పిట్టగోడ కమ్మీకి కట్టాలి. ఇంత అవస్థ కంటే మిద్దె మీదికి రెండు మూడు అడుగుల పొట్టి రకాలే హాయి. ఒక సౌకర్యం మాత్రం ఉంది: పువ్వు పూర్తిగా విచ్చాక డబ్బాను ఎటు తిప్పితే అటే చూస్తుంది. ప్రొద్దుటూరు పాఠకులు గమనించగలరు.

ప్రశ్న: మొక్కలు నడుమెత్తు వచ్చాక లేత ఆకుల్లో ఈనె పక్కన గోధుమరంగు మచ్చలు పడి, అవి కాడకు, కాండానికి నల్లని చారల్లా పాకాయి. కొన మెలి తిరిగి మొగ్గ వంకరైంది. ఏ మందు కొట్టాలి? మా ఇంటి వెనుక వేరుశనగ చేలున్నాయి. – గుత్తి

జవాబు: మీ వర్ణనను బట్టి ఇది నెక్రోసిస్, అంటే ఆకులో, కాండంలో కణాలు చచ్చిపోయే తెగులు. పొగాకు స్ట్రీక్ వైరస్ దీనికి కారణం. మన దేశంలో పొద్దుతిరుగుడు మీద దీనిని 1997లో కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతంలో గుర్తించారు. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగ రైతులను నిలువునా ముంచిన కాండం కుళ్ళు తెగులు కూడా ఈ వైరస్ పనే. ఆ ఏడాదిని మీ ఊరి పెద్దలు మరచిపోయి ఉండరు.

సోకిన మొక్కను బతికించే మందు లేదు కాబట్టి ఏదో ఒకటి కొట్టమని చెప్పి మీ డబ్బు వృథా చేయించను. ఆ మొక్కలను పీకి తగులబెట్టండి. ఈ వైరస్‌కు నిలయం వయ్యారిభామ అనే కలుపు మొక్క. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది; ఆ పుప్పొడి గాలికో, తామర పురుగుల ఒంటికి అంటుకొనో వచ్చి మీ మొక్కల ఆకుల మీద పడుతుంది, తామర పురుగు గీకిన గాయం గుండా లోపలికి పోతుంది. వయ్యారిభామ మొక్క బయటికి ఏ జబ్బూ లేనట్టు పచ్చగానే ఉంటుంది కాబట్టి ఎవరూ అనుమానించరు. మీ ప్రహరీ చుట్టూ, ఖాళీ స్థలంలో ఉన్న వయ్యారిభామను పూతకు రాకముందే, చేతులకు తొడుగులు వేసుకొని పీకించండి. చేల వైపు మూడు నాలుగు సాళ్ళు జొన్న ముందుగా వేస్తే అది తెరలా అడ్డు నిలుస్తుంది; పొలాల్లోనూ ఇదే పద్ధతి. వానాకాలంలో ఈ తెగులు ఎక్కువగా వస్తుంది కనుక మీరు రబీలో వేయడమే మేలు.

ప్రశ్న: మా మనవరాలి కోసం ఒకే ఒక్క మొక్క పెంచాను. చేటంత పువ్వు వచ్చింది గాని గింజలు నలిపితే అన్నీ తాలే. నాలుగు మంచి గింజలు దొరికితే మళ్ళీ విత్తుకోవాలని ఆశ. – జమ్మలమడుగు

జవాబు: తప్పు ఒక్కటే పెంచడంలో ఉంది. మనం ఒక పువ్వు అంటున్నది నిజానికి వందల చిన్న పువ్వుల గుంపు. అవి అంచు నుంచి మధ్యకు రోజుకు కొన్ని వరుసల చొప్పున వారం పది రోజుల పాటు విచ్చుతాయి. ఈ తోట రకాలలో చాలావాటికి తన పుప్పొడి తనకు పనికి రాదు. పక్కన మరో మొక్క అదే సమయంలో పూయాలి, ఒకదాని పుప్పొడిని మరొకదానికి తేనెటీగ చేర్చాలి. అందుకని ఈసారి కనీసం నాలుగు వేయండి.

తేనెటీగలు రాని ఇంట్లో ఆ పని మీ మనవరాలికి అప్పగించండి. ఉదయం ఎనిమిది, పదకొండు గంటల మధ్య మెత్తని నూలుగుడ్డను చేతికి చుట్టుకొని ఒక పువ్వు ముఖాన్ని మృదువుగా నిమిరి, పసుపు రాసుకున్నట్టు గుడ్డకు అంటిన పుప్పొడితో రెండో పువ్వును నిమరాలి. రోజు విడిచి రోజు రెండు వారాలు ఇలా చేస్తే చాలు. అంచు రేకులు విచ్చుకొనే దశలో లీటరు నీటికి రెండు గ్రాముల బోరాక్స్ కలిపి సాయంత్రం పూట పువ్వు మీద పిచికారీ చేస్తే గింజ బాగా కడుతుంది. బోరాక్స్‌ను ముందు కొద్దిపాటి వేడినీళ్ళలో కరిగించి ఆ తరువాత మిగిలిన నీళ్ళలో పోయండి. ఎంత చేసినా నడుమ రూపాయి బిళ్ళంత మేర తాలు మిగలడం సహజమే.

గింజ పాలు పోసుకోగానే రామచిలుకలు వస్తాయి. పాత పంచె ముక్కను సంచిలా కుట్టి పువ్వుకు తొడిగితే అవి దిగలేవు. పువ్వు వీపు ఆకుపచ్చ నుంచి నిమ్మపండు రంగుకు, ఆపైన గోధుమరంగుకు తిరిగాక జానెడు కాడతో కోసి, నీడలో తలకిందులుగా వేలాడదీసి ఆరబెట్టండి. మీ చుట్టుపక్కల చేలల్లో నూనె రకం వేసి ఉంటే తేనెటీగలు ఆ పుప్పొడిని కూడా మోసుకొస్తాయి, అప్పుడు వచ్చే ఏడాది కొన్ని మొక్కలు పొట్టిగా రావచ్చు. విత్తనానికి ఉంచుకోదలచిన పువ్వులకు విచ్చక ముందే సంచి తొడిగి, రెండింటికీ మధ్య గుడ్డతో మీరే పుప్పొడి మార్చుకుంటే ఆ బెడద తప్పుతుంది. ఒలిచిన గింజలను వెంటనే విత్తవద్దు. కొత్త గింజకు నెలన్నర దాకా నిద్రావస్థ ఉంటుంది. ఆలోపు విత్తి మొలవలేదని పారేసినవారు నాకు తెలుసు. సీసాలో పోసి, మీద నెల పేరు రాసి, మూత బిగించి చల్లని చోట పెట్టండి.